పాటు నీళ్ళలో గాలం: ఫాల్గుణ, చైత్రాల్లో పెన్నా మొగ దగ్గర చేపల వేట

ఫాల్గుణం సగానికి వచ్చేసరికి పెన్నా సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, నీళ్ళ రంగు మారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కొట్టుకొచ్చిన మట్టి అప్పటికి అడుగున పేరుకుని ఉంటుంది. పైన సోమశిలలోనూ, సంగం, నెల్లూరు బ్యారేజీల దగ్గరా నీరు ఆగిపోవడంతో ఏటి వైపు నుంచి వచ్చే మంచినీరు సన్నగిల్లి, ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. రొయ్య పిల్లలు, కొయ్యింగ పిల్లలు మడ చెట్ల వేళ్ళ మధ్య గుంపులు కడతాయి. వాటిని తినడానికి పండుగప్ప, మాగ, పార, గొరక ఒడ్డు దగ్గరకు వస్తాయి. పడవ లేకుండా, కర్రా గాలమూ పట్టుకుని గట్టు మీద నిలబడే మనిషికి ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ నడిమి దాకా ఉన్న ఈ రోజులే ఏడాదిలో మంచి రోజులు.

నేను విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ మోటార్లు బాగుచేసే పని చేస్తాను. పని ముగిశాక ఏ ఉప్పుటేరు దగ్గరుంటే ఆ గట్టున గాలం వేస్తాను. వేట నేర్చుకుంది మాత్రం మత్స్యకారుల పాలెంలోని పెద్దల దగ్గర. సముద్రం మీద బతికేవాళ్ళు నీళ్ళను చూసే తీరు వేరు. ఆ చూపు కొంతైనా పట్టుబడితే ఖరీదైన రీలు లేకపోయినా చేప పడుతుంది.

నీళ్ళ నడక

మొగ దగ్గరకు వెళ్ళగానే గాలం విప్పకండి. పది నిమిషాలు నీళ్ళను చూడండి. పోటు మీద (ఎక్కుతూ) ఉన్నాయా, పాటు మీద (దిగుతూ) ఉన్నాయా? ఒక ఎండుపుల్ల విసిరితే ఎటు పోతోంది, ఎక్కడ తిరుగుతోంది, ఎక్కడ ఆగుతోంది?

మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా పౌర్ణమి, అమావాస్య రోజుల్లో కూడా మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. గుజరాత్ తీరంలో లాగా నీళ్ళు చాలా దూరం వెనక్కి పోవు. కానీ ఉప్పుటేళ్ళ నిండా, కాలువల నిండా ఎక్కిన ఆ మీటరు నీరంతా ఒక సన్నని మొగలోంచే బయటికి పోవాలి. వడి పుట్టేది అక్కడే. మడ వేళ్ళ మధ్య దాక్కున్న రొయ్యకు, కొయ్యింగ పిల్లకు నీళ్ళు దిగుతుంటే లోపల నిలువ నీడ ఉండదు. నీళ్ళతో పాటే కాలువలోకి, కాలువలోంచి మొగలోకి రావాలి. పెద్ద చేప ఎదురు వెళ్ళదు, దారిలో కాచుకుంటుంది. అందుకే మొగలోనూ ఉప్పుటేరులోనూ పాటు వేట, పాటులోనూ మొదటి రెండు మూడు గంటలు.

వేళ తెలుసుకోవడానికి పంచాంగం చాలు. ఈ తీరంలో పౌర్ణమికీ అమావాస్యకూ నిండు పోటు ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతంలో వస్తుంది, రాత్రి మళ్ళీ దాదాపు అదే వేళకు వస్తుంది. ఆ తర్వాత రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ లెక్కన పౌర్ణమికో అమావాస్యకో ముందు వచ్చే ఏకాదశి, ద్వాదశి రోజుల్లో నిండు పోటు తెల్లవారుజామున ఉంటుంది. వెలుగు వచ్చేసరికి నీళ్ళు దిగడం మొదలవుతుంది. తదియ, చవితి, పంచమి నాటికి నిండు పోటు పదకొండు, పన్నెండు గంటలకు చేరి, మధ్యాహ్నమంతా దిగి, పొద్దుగుంకే వేళకు పాటు ముగుస్తుంది. నాకు ఇష్టమైన రోజులు ఈ చవితి, పంచమి. ఉగాది అమావాస్య వెనకే వస్తుంది కనుక పండుగ అయిన రెండో రోజు నుంచి సాయంత్రపు పాటు మీకు దొరుకుతుంది. శ్రీరామనవమి నాటికి నీళ్ళు మందగిస్తాయి. అష్టమి, నవముల చుట్టూ వడి ఉండదు, ఆ రోజులను మరో పనికి వాడుకోవచ్చు.

ఇది తీరం దగ్గరి లెక్క. ఉప్పుటేరు లోపలికి పోయేకొద్దీ నీళ్ళు తిరగడం అరగంటో గంటో ఆలస్యమవుతుంది. మీరు నిలబడే చోట గట్టు పక్కన ఒక కర్ర పాతి, నీళ్ళు తాకిన చోట గీత పెట్టి, ఒక పూట కూర్చుని చూడండి. ఆ తేడా తెలిశాక సీజనంతా మీ లెక్క తప్పదు.

ఇప్పుడు ఎక్కడ నిలబడాలి అన్నది. పాటు సాగుతున్నప్పుడు వడిగా పోయే నీరు, పక్కన నిలకడగా ఉన్న నీరు రాసుకునే చోట ఒక గీత కనిపిస్తుంది. నురుగు, ఆకులు, చెత్త ఆ గీత వెంబడే పోతాయి. చేప నిలకడ నీటి వైపు ఉండి, వడిలో కొట్టుకొచ్చే ఎరను అందుకుంటుంది. ఎరను గీతకు కాస్త ఎగువన వేసి, నీళ్ళతో పాటు దానంతట అది జారిపోనివ్వండి. గట్టిగా సీసం కట్టి అడుగున పాతేస్తే ఆ జారుడు పోతుంది. ఏటి వంపులో బయటి గట్టు కింద లోతు ఉంటుంది. బకింగ్‌హాం కాలువ ఉప్పుటేరులో కలిసే మూలలు, వంతెన స్తంభాల దిగువ, తూము నోళ్ళు కూడా ఇలాంటి చోట్లే. సాయంత్రం సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి గట్టిగా కొడుతుంది కనుక ఉప్పుటేరుకు దక్షిణపు గట్టున నిలబడితే గాలి వీపుకు తగిలి, దారం దూరం పోతుంది.

ఎండ ముదిరేకొద్దీ ఈ వడినీటి విలువ పెరుగుతుంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. మేము చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు తిప్పేది ఆ ఆక్సిజన్ కోసమే. మార్చి నెలాఖరులో పగటిపూట లోతు లేని నిలువ నీటిలో పెద్ద చేప ఉండలేదు. లోతుకో వడికో పోతుంది. కాబట్టి మధ్యాహ్నం గాలం వేయవలసి వస్తే నీడ కోసం చూసుకోకుండా వంపులో లోతు ఉన్న చోటికి వెళ్ళండి.

ఇసుక తీరంలో

మైపాడు, కొత్తపట్నం, పాకల లాంటి తీరాల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ పోటు ఎక్కుతున్నప్పుడు వేయాలి. ముందు పాటు పూర్తిగా దిగిన వేళకు వెళ్ళి తీరాన్ని చూసి రండి. ఒడ్డుకు కొంత దూరంలో అలలు విరిగే ఇసుక తిన్నె ఉంటుంది. ఆ తిన్నెకూ ఒడ్డుకూ మధ్య పల్లం ఉంటుంది. నీళ్ళు ఎక్కేటప్పుడు మాగ, పార ఆ పల్లం వెంట తిరుగుతాయి. వందలాది అడుగుల దూరం విసరాలన్న ఆరాటం వద్దు. తెల్లవారుజామున అవి మోకాలి లోతు నీళ్ళకు కూడా వస్తాయి. తిన్నెలో అక్కడక్కడ అలలు విరగకుండా నీళ్ళు నల్లగా, నునుపుగా కనిపించే సందులు ఉంటాయి. చేప ఆ సందుల దగ్గరే మేస్తుంది, కానీ మనిషిని సముద్రంలోకి లాక్కుపోయే ఒరవడి కూడా ఆ సందుల్లోనే ఉంటుంది. గాలం అందులోకి వెళ్ళాలి, మీరు కాదు. ఒకవేళ పట్టుకుపోతే ఒడ్డుకు ఎదురీదకండి, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఒరవడి దాటాక ఒడ్డుకు రండి.

మన్నేరు, మూసి (హైదరాబాద్ మూసీ కాదు, ప్రకాశం జిల్లాది) వంటి చిన్న ఏళ్ళ ముఖాలు ఈ కాలంలో ఇసుక మేటతో మూసుకుపోతుంటాయి. మూసుకుపోయిన మొగలో పాటు ఉండదు. అలాంటప్పుడు దాన్ని వదిలి పక్క తీరానికి వెళ్ళండి.

ఎర

బతికిన రొయ్యను మించిన ఎర లేదు. విసురు వల వేయడం వచ్చినవాళ్ళు ఉప్పుటేరులోనే పట్టుకోవచ్చు. రానివాళ్ళు అక్కడ రొయ్యలు పట్టేవాళ్ళను అడిగి కొనుక్కోండి. మూత ఉన్న బకెట్టులో ఉప్పుటేటి నీళ్ళే పోసి, బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు పెట్టి, నీడలో ఉంచండి. నీళ్ళు గోరువెచ్చనైతే మార్చండి. గాలాన్ని రొయ్య తల మీది ముల్లు కింద గుచ్చాలి. లోపల కనిపించే నల్లని మచ్చకు తగలకుండా దానికి ముందు భాగంలో గుచ్చితే రొయ్య చాలాసేపు బతికి ఆడుతుంది. కొయ్యింగ పిల్లనైతే పై పెదవికి గుచ్చండి. గొరకకు ఇంత శ్రమ అక్కరలేదు, ఒలిచిన రొయ్య ముక్క అడుగున వేస్తే చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చెరువుల్లో పెంచిన వెనామీ రొయ్యను ఎరగా తెచ్చి ఉప్పుటేరులో వేయకండి. తెల్లమచ్చ వ్యాధి వైరస్ చచ్చిన రొయ్యలో ఉంటుంది, ఐసులో గడ్డకట్టిన రొయ్యలో కూడా ఉంటుంది. 1994-95లో ఆ వ్యాధి ఈ తీరపు చెరువులను ఎలా తుడిచిపెట్టిందో ఇక్కడి రైతులు ఇప్పటికీ చెప్తారు. చెరువుల్లోకి నీళ్ళు తోడేది ఆ ఉప్పుటేళ్ళ నుంచే. మీరు పారేసిన నాలుగు రొయ్యలు ఎవరి చెరువుకు చేరతాయో మీకు తెలియదు. ఏటి రొయ్య ఏటికే ఎర కావాలి.

కర్ర, దారం, గాలం

ఉప్పుటేరుకు ఎనిమిది తొమ్మిది అడుగుల కర్ర, 4000 సైజు రీలు, ఇరవై పౌండ్ల తంగూసు (నైలాన్ దారం) సరిపోతాయి. ఇసుక తీరానికైతే పదకొండు, పన్నెండు అడుగుల కర్ర, 60 నుంచి 100 గ్రాముల సీసం కావాలి. ఉప్పుటేరులో 20, 30 గ్రాములు మించకూడదు. సీసం తంగూసు మీద స్వేచ్ఛగా జారేలా, మధ్యలో రంధ్రం ఉన్నది తీసుకోండి. చేప ఎర అందుకున్నప్పుడు దానికి బరువు తగలదు. కర్ర కొనలేనివాళ్ళు యాభై పౌండ్ల తంగూసును ప్లాస్టిక్ సీసాకు చుట్టుకుని చేత్తోనే వేయవచ్చు. పాలెంలో ఎంతోమంది వేసేది అలాగే, వాళ్ళకు పడేది తక్కువేమీ కాదు.

గాలానికి ముందు మూడడుగుల మేర నలభై పౌండ్ల మందం తంగూసు ముక్క తప్పకుండా కట్టండి. పండుగప్ప మొప్ప మీది పెంకు అంచు బ్లేడులా ఉంటుంది. సన్నని దారాన్ని క్షణంలో తెంపుతుంది. అదే కారణానికి మొప్పల్లో వేళ్ళు పెట్టి ఎత్తకండి. పండుగప్పకు 3/0, 4/0 గాలం, మాగకు 1/0, 2/0. గుండ్రంగా లోపలికి వంగిన గాలం వాడితే చేప మింగకముందే పెదవి మూలకు గుచ్చుకుంటుంది. దానితో వేటాడేటప్పుడు కర్రను ఒక్కసారిగా గుంజకూడదు, దారం బిగిసేదాకా ఆగి నెమ్మదిగా చుట్టాలి.

ఏది ఎలా తింటుంది

మాగ నిలిచి ఉన్న ఎరను పెద్దగా పట్టించుకోదు. ముందు రెక్కల కింద దానికి పక్కకు నాలుగేసి సన్నని మీసాల వంటి తీగలు ఉంటాయి. కాస్త మసకగా ఉన్న నీళ్ళలో వాటితో వెతుక్కుంటూ గుంపుగా తిరుగుతుంది. ఎరను ఆపకుండా నెమ్మదిగా లాగుతూ ఉండండి. ఒకటి పడితే మళ్ళీ అక్కడే వేయండి. పార అందుకుందంటే ఇక సందేహం ఉండదు, రీలు కేక పెడుతుంది. గొరక చిన్న చిన్న కుదుపులతో తింటుంది, రెండో కుదుపుకు లాగండి. పైకి తీశాక గుర్రుమని చప్పుడు చేస్తే అది గొరకే. కొయ్యింగ బురదలోని నాచు తినే చేప, రొయ్యను ముట్టుకోదు. మైదా పిండి ముద్ద, చిన్న గాలం, బెండు పెట్టి ఓపికగా కూర్చోగలిగితే పడుతుంది. నాకు అంత ఓపిక లేదు, కానీ మా పక్క వీధి పెద్దాయన ఒకరు వాటి కోసమే వస్తారు.

పండుగప్ప గురించి ఆగి చెప్పాలి. అది అడ్డంకుల చేప. మునిగిన చెట్టు, వంతెన స్తంభం, రాళ్ళ గుట్ట పక్కన నీడలో ఉంటుంది. ఎర నేరుగా దాని ముందు నుంచి పోవాలి. అందుకోగానే మళ్ళీ ఆ అడ్డంకిలోకే పరుగెడుతుంది. మొదటి రెండు బారల దారం ఇవ్వకుండా ఆపగలిగితే చేప మీది. నీళ్ళ పైకి ఎగిరి తల విదిలించినప్పుడు కర్ర కొన కిందికి దించండి.

ఈ చేప పుట్టుక విచిత్రమైనది. మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్ళు గడిచాక ఆడదిగా మారుతుంది. కాబట్టి పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. ఒక్కో పెద్ద చేప లక్షలాది గుడ్లు పెడుతుంది. మొగ దగ్గర ఐదారు కిలోలు దాటిన పండుగప్ప పడితే దాన్ని వదిలేయాలని నేను పెట్టుకున్న నియమం ఇందుకే. బజారులో దాని ధర ఎంతో నాకు తెలుసు. ఇంట్లో పండుగప్ప పులుసు తినాలనిపిస్తే చెరువుల్లో పెంచినది దొరుకుతుంది. చెన్నైలోని ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకపు పరిశోధన సంస్థ సీబా 1997లోనే పండుగప్ప పిల్లలను హేచరీలో పుట్టించింది. ఏటిలో మిగిలిన తల్లిని తెచ్చుకోవలసిన అవసరం మనకు లేదు. మాగ కూడా ఇలా మగ నుంచి ఆడగా మారే చేపే, పెద్ద మాగలకూ ఇదే వర్తిస్తుంది.

వదిలేటప్పుడు చేతులు తడుపుకోండి. వేడి ఇసుక మీద పెట్టకండి. దవడ పట్టుకుని వేలాడదీస్తే పెద్ద చేప వెన్ను దెబ్బతింటుంది, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టుకోండి. గాలం లోతుగా మింగి ఉంటే లాగకుండా తంగూసు కత్తిరించండి. నీళ్ళలో తలను వడికి ఎదురుగా ఉంచి, తోక తనంతట తాను కొట్టేదాకా పట్టుకుని వదలండి. ఈ కాలపు వెచ్చని నీళ్ళలో చేప తొందరగా అలసిపోతుంది, అందుకని ఆడించడం తగ్గించి త్వరగా ఒడ్డుకు తెచ్చుకోవాలి.

ప్రమాదాలు

నా పని కరెంటుతో కాబట్టి ఇది ముందు చెప్తాను. ఉప్పుటేళ్ళ గట్ల వెంట రొయ్యల చెరువుల మోటార్లకు పోయే తీగలు ఉంటాయి, కొన్నిచోట్ల చాలా కిందికి వేలాడుతుంటాయి. కార్బన్‌తో చేసిన కర్రలో కరెంటు పారుతుంది. పన్నెండు అడుగుల కర్రను వెనక్కి ఎత్తి విసిరేముందు తల పైకెత్తి చూడండి. గట్టు మీద నడిచేటప్పుడు కర్రను అడ్డంగా పట్టుకోండి. నీటిలో పడి ఉన్న తీగ కనిపిస్తే ఆ చుట్టుపక్కల నీళ్ళలో కాలు పెట్టవద్దు.

జెల్ల పడితే దాన్ని చేత్తో పట్టుకోకండి. వీపు మీది ముల్లు, పక్క రెక్కల ముళ్ళు రెండూ విషమున్నవే. టేకు చేప ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది, తోకలో ముల్లు ఉంటుంది. నీళ్ళలో దిగినప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా ఇసుకను రాస్తూ నడిస్తే అది తప్పుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, అంటే 45 డిగ్రీల దగ్గర, గాయమైన భాగాన్ని అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీళ్ళ వేడిని ముందు రెండో చేత్తో చూసుకోండి. ముల్లు కొస లోపల విరిగి ఉండవచ్చు కనుక తర్వాత డాక్టరుకు చూపించాలి.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ అలల ఎత్తు, గాలి అంచనాలు ఇస్తుంది. బయలుదేరేముందు చూడండి. ఏప్రిల్‌లో గాలి లేని రోజున కూడా దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి పెద్ద అలలు రావచ్చు, దానికీ హెచ్చరిక ఇస్తారు. టోపీ, మంచినీళ్ళు వేరే చెప్పనక్కరలేదు. కృష్ణపట్నం ఓడరేవు హద్దుల్లోకి వెళ్ళవద్దు.

పాలెం మర్యాద

మొగ ఎవరి సొత్తూ కాదనుకోకండి. అది పాలెం వాళ్ళ జీవనం. అలివి వల లాగుతుంటే పక్కకు జరగాలి. కట్టి ఉన్న వలకు అడ్డంగా గాలం విసరకూడదు. ఒడ్డున ఉన్న పడవ మీదికి చెప్పులతో ఎక్కకూడదు. పాలెం కాపులు (పెద్దలు) ఏదైనా దురాయి (కట్టుబాటు) వేసి, ఫలానా రోజు వేట వద్దని చెప్పి ఉంటే బయటివాళ్ళమైన మనకూ అది వర్తిస్తుంది. వెళ్ళగానే అక్కడున్న పెద్దవాళ్ళను పలకరించి, "మామా, ఈ పూట ఇక్కడ వేసుకోవచ్చా?" అని అడగండి. కాదన్నవాళ్ళను నేను చూడలేదు. పైగా ఎక్కడ లోతు పడిందో, ఏ తిన్నె కదిలిందో వాళ్ళే చెప్తారు.

జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్ళు ఇసుక తీరానికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతోంది. తాబేలు ఒడ్డుకు వస్తున్నట్టు కనిపిస్తే తల దీపం ఆర్పి, దారాలు చుట్టుకుని, దూరంగా జరగండి. తెగిన తంగూసు ముక్క ఒక్కటి కూడా తీరంలో వదలవద్దు. అది కాళ్ళకు, మెడకు చుట్టుకుంటే తాబేలు చచ్చిపోతుంది, పక్షీ అంతే.

ఇంటికి తెచ్చుకునే చేపను పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐసులో కొంచెం సముద్రపు నీళ్ళు కలిపి అందులో ఉంచండి. వట్టి ఐసు గడ్డల మీద పెట్టినదాని కన్నా త్వరగా చల్లబడుతుంది. మార్చి ఎండలో బుట్టలో వదిలేసిన మాగ గంటకే మెత్తబడుతుంది. పిల్లల ముంజేతి పొడవు కూడా లేనివి తిరిగి నీళ్ళలోకే పోవాలి. రీలును ఇంటికి రాగానే మంచినీళ్ళతో, నీళ్ళు చిమ్మకుండా మెల్లగా పోస్తూ కడిగి నీడలో ఆరబెట్టండి. ఉప్పు ఒక్క రాత్రిలో బేరింగులను తినేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం ఇది. మోటారు లేని సంప్రదాయ పడవలకు, ఒడ్డున గాలానికి అడ్డు లేదు. అయినా పడవలు ఒడ్డెక్కిన ఆ రెండు నెలలు పాలెంలో చాలామంది మొగ దగ్గర చేతి వలలతో, గాలాలతో ఇల్లు గడుపుకుంటారు. సరదాకు వెళ్ళే మనం వాళ్ళ చోట నిలబడటం న్యాయం కాదు. ఆ రోజుల్లో నేను మొగ వైపు పోకుండా బకింగ్‌హాం కాలువ గట్టున, చిన్న గాలంతో, గొరకల కోసం కూర్చుంటాను. మీరూ ఏప్రిల్ 14తో మొగ వేట ఆపి, కాలువ గట్టుకు మారండి.